ఒప్పించు మాట

మాటనేర్పు వేఱు, ఎదుటివారిని ఒప్పించు నేర్పు వేఱు. ఈ భేదమును మేము ఆలస్యముగా, సిగ్గుపడి తెలిసికొంటిమి.

మా తండ్రిగారు బాల్యముననే మాకు ఇంట కావ్యములు చెప్పిరి. సుందరకాండమును ఏటేట పారాయణ చేయుచున్నాము. మా వారి బడి యుద్యోగమునుబట్టి ఈ యూరు చేరిన పిమ్మట, ఇచ్చటి పొదుపు సంఘమునకు లెక్కలు వ్రాయుటకు ఒప్పుకొంటిమి. సంఘమున పదిమంది కలిసి కారము, పచ్చళ్ళు చేసి అమ్ముదురు. 1992వ సంవత్సరమున నాబార్డువారు 500 సంఘములతో బ్యాంకు ఋణముల యేర్పాటును ప్రారంభించినది మొదలు, మా వంటివారికి బ్యాంకు గడప ఎక్కుటకు వీలు కలిగినది. కారము ఆడించు మర కొనుటకై 1,20,000 రూపాయలు అడుగవలసి రాగా, "చదువుకున్నవారు, మీరే మాట్లాడండి" అని అందఱును మమ్ము ముందునకు పంపిరి.

మేము స్త్రీల కష్టమును గూర్చి, శ్రమయొక్క మహిమను గూర్చి కాలుగంట సేపు ఉపన్యసించితిమి. అధికారిగారు మర్యాదగా వినిరి. రెండుమారులు గడియారము చూచిరి. "ఆలోచించి చెప్పెదము" అని లేచిరి. మెట్లు దిగునప్పుడు, పచ్చళ్ళు కలిపెడి ముసలమ్మ మెల్లగా, "అమ్మగారూ, మీరు చెప్పిందంతా బాగుంది. గాని మనకు మర కావాలని చెప్పనేలేదు గదా!" అనెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పది యిండ్ల యాశను మా పలుకుల సొంపునకు బలి యిచ్చితిమి గదా! ఏండ్ల తరబడి చదివిన హనుమంతుని కథ అప్పుడు జ్ఞాపకము వచ్చెను. ఆయన కొమ్మల చాటున నుండి, నోరు తెఱవక మునుపే సీతమ్మ తన మాటను ఎట్లు గ్రహించునో యని యోచించెను. పండితునివలె సంస్కృతము పలికినచో రావణుడని భయపడునని తలంచి, ఆమెకు నమ్మిక కలుగు మాటనే ఎన్నుకొనెను. ఆమెకు ప్రియమైన దశరథుని యింటి కథతో మొదలిడెను. ఆమె శంకించి రాముని గుఱుతు లడిగినను నొచ్చుకొనక వర్ణించెను. అటుపిమ్మటనే ఉంగరము నిచ్చెను. ఇంత తెలిసియు మేము వినువారిని మఱచి, మా విద్యను ప్రదర్శించితిమి!

మఱుసటి వారము తిరిగి వెళ్ళితిమి. ఈ మాఱు కూర్చుండగనే, "అయ్యా, మర కొనుటకు 1,20,000 రూపాయలు కావలెను, 24 నెలలలో తీర్చెదము" అంటిమి. పట్నమున కారము ఆడించుటకు, ఆటో కూలికి కలిపి నెలకు 8,000 రూపాయలు వెచ్చించుచున్నామనియు, మర వచ్చినచో వాయిదాయును కరెంటు ఖర్చును కలిసి 7,000 దాటవనియు లెక్క చూపితిమి. ముసలమ్మ పొదుపు పుస్తకమును, కారపు పొట్లమును బల్లపై నుంచెను. మా యుంగర మదియే.

అధికారిగారు, "మర చెడినచో బాగుచేయు వారెవరు?" అని యడిగిరి. మాకు తెలియదు. తెలిసినట్లు నటింపక, "విచారించి చెప్పెదము" అంటిమి. మూడవనాడు మరమ్మతు చేయువాని పేరును, కూలిని వ్రాసి యిచ్చితిమి. ఋణము మంజూరయ్యెను.

కొలువు చేయు సోదరీమణులు పైయధికారుల యెదుట నిలిచి ఏదేని కార్యమును వివరింపవలసి వచ్చినపుడు మా తప్పును తలంచుకొందురు గాక. వినువారికి ఏమి తెలియవలెనో ముందు యోచింపుడు. కావలసినది మొదటనే అడుగుడు. లెక్కను, నిదర్శనమును చేత నుంచుకొనుడు. ప్రశ్న వచ్చినచో అవమానమని తలంపకుడు, నమ్మగోరువారే ప్రశ్నింతురు.

మర ఇప్పుడు ముసలమ్మగారి వసారాలో తిరుగుచున్నది. మేమటు పోయినప్పుడెల్ల ఆమె నవ్వుచు, "అమ్మగారూ, ఉపన్యాసమా, లెక్కలా?" అని అడుగును. మేము లెక్కల పుస్తకము చూపుదుము.