తడిసిన పుస్తకం

మా వర్తూరుకు విమానాశ్రయం ఒకప్పుడు పొరుగూరి మాట. హెచ్.ఎ.ఎల్. మైదానం నుంచే విమానాలెక్కేవాళ్ళం. 2008 మే నెలలో అది దేవనహళ్ళికి తరలింది. ఇప్పుడు నడిరాత్రి బయలుదేరాలి.

2022 సెప్టెంబరు వానలకు వర్తూరు చెరువు పొంగి, మా యింట బీరువా అడుగు అర తడిసింది. పట్టుచీరెల కోసం పరుగెత్తామే గాని పాస్‌పోర్టులు గుర్తు రాలేదు. తరువాత ఎండబెట్టి సరిచేశాము. పేరు కనిపిస్తూంది, ఇంకేం కావాలనుకున్నాము.

ఆ నెలాఖరునే అమ్మాయి పురుటికి సింగపూరు ప్రయాణం. సున్నిపిండి, పొత్తిగుడ్డలు సర్దుకొని వెళ్ళాము. కౌంటరులోని అమ్మాయి మా ఆవిడ పుస్తకం తిరగేసి, "ఫొటో పేజీ విడిపోయిందండీ. అక్కడ దిగనివ్వకపోతే తిరిగి తీసుకురావలసినది మేమే" అన్నది. మేమొక్కరం వెళ్ళవచ్చు, కాని పురుడు పోయవలసిన మనిషి ఆవిడ గదా! ఇద్దరం వెనక్కు వచ్చాము.

1967 నాటి చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వపు ఆస్తి. మనం దాచేవాళ్ళం మాత్రమే. పేరూ, నంబరూ చదవను వీలై, ఫొటో చెడకుంటే తత్కాల్‌లో కొత్తది అడగవచ్చు. పూర్తిగా పాడైతే ఆ దారి లేదు. 2018లో కేరళ వరదల్లో తడిసినవాటికి రుసుము లేకుండా కొత్తవి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మేము మాత్రం రుసుము కట్టాము. కొత్త నంబరు మీద వీసా మళ్ళీ తీసుకున్నాము.

మేము చేరేసరికి మనుమరాలికి పన్నెండో రోజు. మొదటి స్నానం పొరుగింటి తమిళావిడ పోసిందట. ఆ బెంగ మా ఆవిడకు ఇంకా తీరలేదు.

ఇప్పుడు మా బీరువా పై అరలో పాస్‌పోర్టులున్నాయి. పట్టుచీరెలు కిందికి దిగాయి.