పసిదాని మాట

మొన్న సంతనాడు కూలి చేసి బ్రదుకు నొక తల్లి మా యరుగుమీద కూలబడి, "అయ్యవారమ్మా, జడ్జీగారు పదేండ్లు జైలన్నారు గదా! వాడు సంతలో బెల్లం బేరమాడతా ఉండాడు. ఇదేం న్యాయం?" అని యడిగెను. కొన్నేండ్ల క్రిందట, వేరుశనగ పైరు చేలోనే మాడిన సంవత్సరమున, బెంగుళూరిలో ఇంటిపని యిప్పించెదనని యామె కూతును తీసికొనిపోయి యమ్మినవాడు వాడే. పిల్ల పేరును ఊరును చెప్పము, చట్టము నొప్పదు.

మన యనంతపురము సీమలో మేఘము మొగము చాటు చేసిన యేడు వలస తప్పదు. బిడ్డను పనికి పంపుచున్నామనియే తల్లిదండ్రులు తలంతురు గాని, అమ్ముచున్నామని కాదు.

మావారి స్నేహితులైన ప్లీడరుగారి నడిగి తెలిసికొంటిమి. శిక్షపడినవానికి పైకోర్టుకు అప్పీలు చేసికొను హక్కు కలదు. అది తేలువఱకు శిక్ష నిలిపి జామీనుపై విడువవచ్చును. అయితే పదేండ్లుగాని అంతకు మించిగాని శిక్షపడదగిన నేరమైనచో, ప్రభుత్వపు ప్లీడరుకు వ్రాతమూలముగా అభ్యంతరము చెప్పు నవకాశ మీయక విడువరాదు. విడిచిన పిదపను జామీను రద్దు చేయుమని ఆయన కోరవచ్చును. వాడు బెదరించినచో తల్లి చెప్పవలసినది ఆయనతోనే. ఒకవేళ ముద్దాయి నిర్దోషియని విడుదలయైనను, 2009 నాటి సవరణనుబట్టి బాధితులే అప్పీలు చేయవచ్చును. అందులకు ముందనుమతి యక్కఱలేదని సుప్రీంకోర్టు 2018లో చెప్పినది.

"పిల్లను మళ్లా బోనెక్కిస్తారా?" అని తల్లి భయము. సాధారణముగా ఎక్కింపరు. క్రిందికోర్టులో వ్రాసికొన్న సాక్ష్యమునే చదివి తేల్తురు. ఆ కాగితములలోని చిన్న తేడాలనే ముద్దాయి ప్లీడర్లు వెదకుదురు.

సోదరీమణులారా, ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలెను. పిల్ల తిరిగివచ్చిన దినములలో ఒకనాడు రైలులో పోతిననియు, మఱియొకనాడు బస్సులో పోతిననియు చెప్పగా, అరుగుమీది స్త్రీలతోపాటు మేమును పెదవి విఱిచితిమి. చిన్ననాడు తండ్రిగారియొద్ద భారతము చదివి, నిండుసభలో శకుంతల మాట నమ్మని దుష్యంతుని తిట్టుకొన్న మేమే! ఆమెకు ఆకాశవాణి సాక్ష్యము పలికెను. ఈ పిల్లకెవరు పలుకుదురు?

2010లో బెంగుళూరు పీణ్య ప్రాంతమున పోలీసులు విడిపించిన యొక మైనరు బాలిక కేసు, అప్పీలుమీద అప్పీలుగా సుప్రీంకోర్టు చేరి 2025 డిసెంబరు 19న తేలినది. పదునైదేండ్లు! న్యాయమూర్తులు మనోజ్ మిశ్రా, జయమాల్య బాగ్చీగార్లు శిక్షను ఖాయపఱచిరి. ఇట్టి బాలికను నేరములో పాలుపంచుకొన్నదానివలె చూడరాదు, గాయపడిన సాక్షివలె నమ్మవలెను, చిన్నచిన్న తేడాలకై యామె మాట త్రోసివేయరాదు అనిరి.

ఇక మైనరని తేల్చుటకు బడి రికార్డే మొదటి యాధారము. అదియు, పంచాయతీవారి జనన పత్రమును లేనప్పుడే యెముకల పరీక్ష. మావారు పాత అడ్మిషను రిజిస్టర్లను వేపాకు పెట్టి దాచుట చూచి ఎన్నిమార్లు నవ్వితిమో! ఆ పిల్ల వయస్సు కోర్టులో నిలిచినది అందలి యొక్క వరుసతోనే.

ఇదంతయు తల్లికి చెప్పుచుండగా పిల్ల స్తంభముచాటున నిలిచి వినుచుండెను. "ఆనాడు నిన్ను నమ్మలేదమ్మా" అంటిమి. కొంతసేపు పలుకలేదు. పిదప, "ధర్మవరం నుంచి రైలు, అయ్యవారమ్మా. ఆడ దిగినాక బస్సు. రెండూ ఎక్కినా" అనెను.