నల్లమల కనుమలో నిలిచిన అంబాసిడర్

నంద్యాల నుండి గిద్దలూరు వెళ్ళేవారికి గాజులపల్లె దాటాక దిగువమెట్ట వరకు దాదాపు అంతా నల్లమల అడవే. అస్ర్ తరువాత గిద్దలూరులో మా బంధువు జనాజా నమాజు. మేమెక్కిన పాత పెట్రోలు అంబాసిడర్ కనుమ మలుపులో నిలిచిపోయింది.

హారన్ మ్రోగుతోంది, స్టార్టర్ బలంగా తిరుగుతోంది. కనుక బ్యాటరీ దోషం కాదు. (చాలామంది ముందు దానినే మార్పిస్తారు.) డ్రైవరు కాయిల్ నుండి వచ్చే మందపాటి తీగను డిస్ట్రిబ్యూటర్ మూత వద్ద ఊడదీసి, వేల వోల్టులుంటాయి గనుక చేతికి తగలనీయక, ఇంజనుకు కాస్త ఎడంగా నిలిపి స్టార్టర్ తిప్పించాడు. నిప్పురవ్వ లేదు. మూత తీస్తే పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. కండెన్సర్ చెడినప్పుడు ఇలా మాడతాయి. పాత బండివారు దానిని వెంట ఉంచుకుంటారు. పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేసి, కొత్త కండెన్సర్ బిగించాడు. నీలి రవ్వ ఎగసింది.

మేము చేరేసరికి సఫ్‌లు తీరుతున్నాయి.