వాద్యము మాఱిన సంగీతము

ఒక భాషలోని కావ్యమును వేఱొక భాషలోనికి దెచ్చువానికి గలుగు చిక్కులన్నియు, ఒక వాద్యమునకై పుట్టిన సంగీతమును వేఱొక వాద్యమునకు మార్చువానికిని గలుగును. ఇరువదియేండ్లుగా బాలురకు సంస్కృత శ్లోకములకును ఆంగ్ల పద్యములకును దెలుగు చెప్పుచున్నవారమగుటచే మాకీ విషయమున గొంత మమకారము గలదు. మేము పియానో వాయింపనేరము, వినుట యెఱుగుదుము. విన్నంతలో మాకు దోచినది చదువరులకు మనవి చేసెదము.

ఐరోపాలో బరోక్ సంగీతమని చెప్పబడునది రమారమి 1600 మొదలు 1750 వఱకు బుట్టినది. ఆ కాలపు హార్ప్సికార్డులో మెట్టు నొక్కినచో ఈకముల్లు తీగను మీటును. మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను ధ్వని యించుమించుగా నొక్కటియే. పియానోలో నట్లు కాదు. చిన్న సుత్తి తీగను గొట్టును. వ్రేలి బలమును బట్టి ధ్వని హెచ్చును, తగ్గును. ఇటలీవాడగు క్రిస్టోఫొరీ దీనిని 1700 ప్రాంతమున ఫ్లోరెన్సులో నిర్మించెను. గాని ఇనుప చట్రమును 88 మెట్లును గల నేటి పియానో పందొమ్మిదవ శతాబ్దిలో రూపొందినది. కావున పాత సంగీతము దీనిమీదికి వచ్చినపుడు మాఱునది వాద్యము మాత్రమే కాదు, సంగీతముయొక్క స్వభావము సయితము.

బాఖ్ రచించిన చకోన్ ఇందుకు మంచి యుదాహరణము. అది యొంటి ఫిడేలునకై వ్రాయబడినది. ఆయన స్వహస్తలిఖితమైన ప్రతి 1720 నాటిది. నాలుగావర్తముల స్వరక్రమ మొకటి యడుగున మరల మరల వచ్చుచుండగా, దానిపై గల్పనలు సుమారు పావుగంటసేపు సాగును. ఫిడేలునకు దీగలు నాలుగే. కమాను వానినన్నిటిని ఒక్కమాఱు పట్టి నిలుపజాలదు. స్వరములు విఱిగి, ఒకదానివెంట నొకటి వినబడును. తక్కిన దానిని శ్రోత తన మనస్సున బూరించుకొనవలెను. ఆ పూరణములోనే దాని ప్రాణమున్నది.

పది వ్రేళ్లకు బనిగల పియానో, ఫిడేలు చెప్పక విడిచినదానిని చెప్పివేయవలెనా? ఇరువురు మహనీయులు దీనికి వేర్వేఱు సమాధానము లిచ్చిరి. 1877లో బ్రామ్స్ ఆ రచనను ఎడమచేతికి మాత్రమే కూర్చెను. కుడిచేయి యూరకుండును, ఒక్కచేయి దూరపు మెట్లను వెదకికొనుచు బరుగెత్తును. ఇట్లు వాయించినప్పుడే తాను ఫిడేలు వాయించువాని యనుభవమునకు దగ్గఱయైనట్లు తోచెనని యాయన క్లారా షూమన్‌కు వ్రాసెను. 1893లో బుసోనీ రెండుచేతులను నిండుగా వాడి, మంద్రస్థాయిని గంభీరము చేసి, స్వరసమూహములను బెంచి, చర్చిలో ఆర్గన్ మ్రోగుచున్నదా యనిపించెను.

మూలమును ముట్టుకొనుటయే యపచారమనువారు గలరు. వారి మాటకు బాఖే యడ్డుపడును. వివాల్డీ నాలుగు ఫిడేళ్లకు వ్రాసిన కృతిని ఆయన నాలుగు హార్ప్సికార్డులకు మార్చెను; తన యొంటి ఫిడేలు రచనలలో నొకదానిని 1731లో ఆర్గన్‌కును వాద్యబృందమునకును మార్చుకొనెను. కనుక మార్చుట తప్పు కాదు. ఏది నిలిపి మార్చవలెననుటయే ప్రశ్న.

మాకు దోచునదేమన, బుసోనీ చేసినది భాష్యము, బ్రామ్స్ చేసినది యనువాదము. భాష్యము తన వైభవముతో మనలను ముంచివేయును. అనువాదమో, మూలములోని స్వరములతోపాటు మూలములోని కష్టమును గూడ దెచ్చి మన ముందుంచును. తరగతిలో మేము నిత్యము చూచుచున్నదియు నిదియే. శ్లోకమునకు దాత్పర్యమంతయు విప్పి చెప్పినచో బాలురు సంతోషింతురు; మఱునాటికి శ్లోకమును మఱతురు. ఒక్క పదమును వారికే విడిచిపెట్టినచో గొంత విసుగుకొందురు గాని, ఆ శ్లోకము వారియింటికి వారితో బోవును. పెద్దలనుండి వచ్చినదానిని పిల్లలకు సులువు చేయుటలో, వారు చేయవలసిన పనిని సయితము మనమే చేసివేయుట దయ కాదు.

అట్లని బుసోనీని విడువుమని మే మనము. చదువరులకు వీలైనచో ముందు ఫిడేలుపై వినుడు, పిదప బ్రామ్స్‌ను, ఆపైన బుసోనీని. ఈ వరుస తలక్రిందైనచో ఫిడేలు బీదదిగా దోచును. వరుస తప్పకున్నచో, నాలుగు తీగలలో నింత యిమిడియుండెనా యని యాశ్చర్యము కలుగును.