క్యాంప్‌బెల్‌లకు ప్రవేశం లేదు

మేము షికార్లు తిరిగేవాళ్లం కాదు. పెళ్లికో ఉర్సుకో తప్ప ఊరు దాటింది తక్కువ. కొడుకు గ్లాస్గోలో ఉంటున్నాడు కాబట్టి మొన్న జూన్‌లో ఒక రోజంతా స్కాట్లాండ్ కొండల్లో కారులో తిరిగాం.

దారిలో హలాల్ దొరకదని బహూ పొద్దున్నే ఖీమా, పరాఠాలు డబ్బాలో సర్దింది. ఫ్లాస్కు నిండా చాయ్. ఊరు దాటాక కాసేపటికి లోమండ్ సరస్సు మా పక్కనే పరుగెత్తడం మొదలుపెట్టింది. పొడవు 36 కిలోమీటర్లు. ఒకపక్క నీళ్లు, ఒకపక్క చెట్లు, మధ్యన ఇరుకు రోడ్డు. ఎదురుగా లారీ వస్తే మేము వెనక సీట్లో కాళ్లు బిగబట్టేవాళ్లం. "అబ్బా, బ్రేకు నా దగ్గరుంది" అని వాడు నవ్వేవాడు.

టిండ్రమ్ దాటాక చెట్లు పోయాయి. రానక్ మూర్ వచ్చింది. అంతా తడినేల, నల్లటి మడుగులు, బండరాళ్లు. ఎంత దూరం పోయినా ఇల్లన్నది కనబడదు. వాన వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఆ తర్వాత రెండు వైపులా కొండలు లేచాయి. అదే గ్లెన్‌కో లోయ. త్రీ సిస్టర్స్ అనే మూడు కొండల ఎదుట కారు ఆపి డబ్బా విప్పాం. అక్కడ మిడ్జీలని కంటికి ఆనని పురుగులుంటాయి. మేము పరాఠాలు తిన్నదానికంటే అవి మమ్మల్ని తిన్నది ఎక్కువ.

లోయలోని ఊళ్లో 1883లో నిలబెట్టిన ఒక స్మారక స్తంభం ఉంది. దాని కథ కొడుకు చెప్పాడు. 1691లో విలియం రాజు కొండల్లోని తెగల పెద్దలందరినీ తనకు విధేయులమని ప్రమాణం చెయ్యమన్నాడు. గడువు 1692 జనవరి 1. గ్లెన్‌కో మెక్‌డొనాల్డుల పెద్ద వెళ్లాడు. కానీ వేరే ఊరు వెళ్లాడు. అక్కణ్ణించి ఇంకో ఊరికి పంపారు. మంచులో పడి అక్కడికి చేరి ప్రమాణం చేసేసరికి జనవరి 6. ఆ ఆలస్యమే నేరమైంది. దాదాపు 120 మంది సైనికులు వాళ్ల ఇళ్లలో మెహమాన్లుగా దిగారు. రెండు వారాలు వాళ్ల ఉప్పు తిన్నారు. 70 ఏళ్లలోపు వాళ్లందరినీ చంపమని హుకుం వచ్చింది. ఫిబ్రవరి 13న ఇంకా తెల్లారకముందే 30 మందికి పైగా చంపేశారు. మంచులోకి పారిపోయిన ఆడవాళ్లూ పిల్లలూ చలికి చచ్చిపోయారు.

ఆ సైనికుల కెప్టెన్ క్యాంప్‌బెల్ వంశం వాడు. హుకుం సర్కారుది, సంతకం రాజుది. పటాలంలో క్యాంప్‌బెల్‌లు కొద్దిమందే. అయినా మచ్చ ఆ పేరుకే అంటుకుంది. అక్కడి పాత సత్రంలో ఒక బోర్డు ఉంది: వీధుల్లో తిరిగి అమ్ముకునేవాళ్లకూ, క్యాంప్‌బెల్‌లకూ ప్రవేశం లేదని. మేము పడీపడీ నవ్వాం.

మనవరాలు నవ్వలేదు. "దాదీ, మా క్లాసులో ఒకమ్మాయి క్యాంప్‌బెల్. నా దోస్తు. దాన్నీ రానివ్వరా?"

"తమాషాకి పెట్టారు బేటీ, అందర్నీ రానిస్తారు" అన్నాడు కొడుకు.

మా నవ్వు అక్కడే ఆగింది. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కున్న రోజులు గుర్తొచ్చాయి. గదులు చూపించి, అద్దె చెప్పి, చివర్న పేరు అడిగేవాళ్లు. పేరు విన్నాక "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చారండీ" అనేవాళ్లు. మర్నాడు కూడా టు-లెట్ బోర్డు అక్కడే వేలాడేది. మా ముందు మూసుకున్న తలుపుల మీద ఇలాంటి బోర్డు కూడా లేదు. ఎక్కడ బాంబు పేలినా మర్నాడు ఆఫీసులో అందరికంటే ముందు మేమే "ఘోరం" అనాలి. మిగతావాళ్లు కాస్త ఆగి అన్నా ఫర్వాలేదు. మేము ఆగితే అది జనవరి 6 అయిపోతుంది.

నిజం చెప్పాలంటే మేమూ తక్కువ తినలేదు. దూదేకుల ఇంటి సంబంధం వస్తే ఆ మాట వినగానే వద్దన్నాం. పిల్లవాడి మొహం కూడా చూడలేదు. ఆ సత్రం బోర్డు మా ఇంట్లోనూ ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు రాత్రి 10 గంటలకూ వెలుగే. పిల్ల మా ఒళ్లో నిద్రపోయింది. మా ఇంటి గేటు మీద నేమ్‌ప్లేటులో ఇనీషియల్స్ తప్ప పేర్లు లేవు. పోస్టుమాన్‌కి అవి చాలని అందరికీ చెప్పేవాళ్లం. నిజానికి భయపడి అలా రాయించాం. వెళ్లగానే పూర్తి పేర్లు రాయించాలని కారులోనే అనుకున్నాం. సెలవులకు పిల్ల వస్తుంది. ఇప్పుడు దానికి చదవడం వచ్చు.