లెక్కలోకి రాని ఇల్లు



తెలుగు పండితుడికి గణాంకశాస్త్రంతో ఏమి పని అని మీరు అడగవచ్చు. ఉద్యోగకాలమంతా నాకూ ఆ పని పడలేదు. కాని నేను చేసిన ఒక పొరపాటుకు పేరు ఆ శాస్త్రంలోనే దొరికింది. దానిని వివరించిన మహనీయుడు చిన్నతనంలో మా నందిగామలో చదువుకున్నవాడని తెలిసిన తరువాత ఈ నాలుగు మాటలు వ్రాయకుండా ఉండలేకపోయాను.

మాది గరికపాడు. జగ్గయ్యపేట మండలంలో, పాలేటి దగ్గర, తెలంగాణ సరిహద్దున ఉన్న ఊరు. పుట్టి పెరిగినది కృష్ణా జిల్లాలో. 2022 నుండి ఎన్టీఆర్ జిల్లా వాసిని.

1986లో, అక్కయ్యను ఇచ్చిన ఊరి బడిలో నేను కొత్తగా చేరాను. పంద్రాగస్టు సభలో మాట్లాడమన్నారు. కుటుంబ నియంత్రణ మీద నాలుగు మంచి మాటలు చెబుదామని, తరగతి తరగతికీ తిరిగి "మీ ఇంట్లో మీరు ఎంతమంది పిల్లలురా?" అని అడిగి నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. అన్నీ కూడి, పిల్లల సంఖ్యతో భాగించాను. "ఈ ఊళ్ళో ఇంటికి సగటున ఐదుగురు పిల్లలు!" అని సభలో ఘనంగా ప్రకటించాను. చప్పట్లు కొట్టారు.

సాయంత్రం అక్కయ్య ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఆమెకు సంతానం లేదు. విస్తట్లో అన్నం వడ్డిస్తూ, "అయితే మా ఇల్లు ఈ ఊళ్ళో లేదన్నమాటేరా తమ్ముడూ" అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు ముద్ద దిగలేదు. అయినా నా లెక్కలో తప్పెక్కడున్నదో బోధపడలేదు. కూడిక సరిగ్గానే ఉన్నది. భాగహారమూ సరిగ్గానే ఉన్నది.

పదవీ విరమణ చేసిన తరువాత, హైదరాబాదులో డేటా మైనింగు పనిలో ఉన్న నా పాత విద్యార్థి ఒకడు చూడవచ్చాడు. మాటల్లో ఈ సంగతి చెప్పాను. వాడు కాగితం మీద నాలుగు ఇళ్ళు గీశాడు. ఒక ఇంట ఆరుగురు పిల్లలు, ఒక ఇంట ఇద్దరు, రెండిళ్ళలో ఎవరూ లేరు. "మాస్టారూ, మొత్తం ఎనిమిదిమంది. నాలుగిళ్ళకు పంచితే సగటు రెండు. మీరు బడిలో అడిగితే ఆరుగురు 'ఆరు' అంటారు, ఇద్దరు 'రెండు' అంటారు. మొత్తం నలభై. ఎనిమిదితో భాగిస్తే ఐదు!" అన్నాడు. పెద్ద కుటుంబం తన లెక్కను తానే ఆరుసార్లు చెప్పుకుంటుంది. సున్న ఇంటి తరఫున చెయ్యెత్తేవారే ఉండరు.

ఈ విషయాన్ని శాస్త్రంగా తీర్చినవారు సి.ఆర్. రావు గారని వాడే చెప్పాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి పోలీసు ఉద్యోగి. ఆ బదిలీల వెంట పిల్లవాడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామలలో సాగి విశాఖపట్నం చేరింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపం వెలిగించి తనను చదువుకు కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మ గారిని ఆయన ఒక గ్రంథం అంకితంలో స్మరించుకున్నారు. పదిమంది సంతానంలో ఆయన ఎనిమిదవవారు. నందిగామ తరగతిలో నాబోటి పంతులెవరైనా అడిగి ఉంటే, ఆ బాలుడు "పది" అని ఉండేవాడు కదా అనుకుని నవ్వుకున్నాను.

1965లో ఆయన ప్రకటించిన పత్రం ఈ రకపు పక్షపాతాలన్నిటినీ ఒక్క సూత్రం కిందికి తెచ్చింది. 1978లో జి.పి. పాటిల్ గారితో కలిసి దానిని వన్యప్రాణుల గణనకూ, మానవ కుటుంబాలకూ అన్వయించారు. విమానం నుండి చూచేవానికి పెద్ద మంద కనబడినంత సులువుగా ఒంటి జంతువు కనబడదు గదా! మా గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వైపు వెళ్ళినప్పుడల్లా ఇదే తోస్తుంది. పత్తి చేలలో కట్టే లింగాకర్షక బుట్టలో పడేవి మగ రెక్కల పురుగులే. బుట్టను చూచి చేనులో ఆడపురుగే లేదనుకుంటే రైతు మునిగినట్లే.

భాషాప్రవీణ చదివే రోజుల్లో తర్కసంగ్రహం వల్లెవేసినవాడిని. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, తడికట్టె కూడితేనే పొగ. ఆ తడికట్టెను తార్కికులు ఉపాధి అన్నారు. నా లెక్కకు ఉపాధి, ఇంట్లో బడికి వచ్చే పిల్లవాడు ఉండటం. దానిని మరచి ఊరంతటికీ వ్యాప్తి చెప్పాను. గణిత తర్కం ఒప్పుకున్నదాని నుండి నిశ్చయాన్ని రాబడుతుంది. గణాంకశాస్త్రం చూచినదాని నుండి చూడనిదానికి అడుగు వేస్తూ, ఆ అడుగులో ఎంత తప్పుండవచ్చునో కూడా కొలుస్తుంది.

2005లో రావు గారు మరి ఇద్దరితో కలిసి డేటా మైనింగు మీద ఒక బృహద్గ్రంథానికి సంపాదకత్వం వహించారు. అప్పటికి ఆయనకు ఎనభై అయిదేళ్ళు. యంత్రం కోట్ల చిట్టాలను తవ్వి తీయగలదు. కాని దుకాణానికి రానివాని జాడ దుకాణం చిట్టాలో ఎట్లా దొరుకుతుంది? 2023లో, నూట రెండేళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం పొంది, ఆ ఆగస్టులోనే ఆయన పరమపదించారు.

ఆ పాత నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉన్నది. మొన్న తీసి, అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్ళనూ ఒక్కొక్క ఇంటిగా కలిపి మళ్ళీ లెక్క వేశాను. సగటు తగ్గింది. కాని పిల్లలు లేని ఇళ్ళు ఎన్నో ఆ పుస్తకం చెప్పదు. అందుకు ఆనాడే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి అడగవలసింది. మొదటి గుమ్మం అక్కయ్యదే అయి ఉండేది.

ఆమె పోయి చాలాకాలమైంది. లెక్క తప్పని ఒప్పుకోవటానికి ఇన్నేళ్ళు పట్టింది. ఒప్పుకున్నానని చెప్పటానికి ఇప్పుడు ఆ గుమ్మంలో ఎవరూ లేరు.