కోరంగి మడ అడవిలో ఒక పూట

పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానం చేయడం మా యానాం కుటుంబాలకు తాతలనాటి అలవాటు. గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్ల వరుసగా స్నానాలు చేసే సప్తసాగర యాత్రకు అదే మొదలు. తుల్యభాగ పాయ దగ్గర మొదలుపెట్టిన వారు అంతర్వేదిలో ముగిస్తారు. మాకు అంత సెలవూ లేదు, అంత ఓపికా లేదు. ఒక మునక వేసి, పులిహోర పొట్లాలు విప్పి, సాయంత్రం బస్సుకు యింటికి చేరుకోవడమే మా యాత్ర. యీ సారి మాత్రం తిరుగుదారిలో కోరంగి దగ్గర దిగవలసిందేనని మా నాయనమ్మ పట్టుబట్టింది.

ఆవిడ పట్టుదలకు కారణం వున్నది. ఆవిడ పుట్టింది రంగూనులో. తండ్రి అక్కడ బియ్యపు మిల్లులో పని చేసేవాడు. 1941 డిసెంబరులో రంగూను మీద జపానువారి బాంబులు పడిన తరువాత లక్షలాది భారతీయులు ఆ దేశం విడిచి వచ్చారు. కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చినవారిలో మా వాళ్ళూ వున్నారు. నాయనమ్మ అప్పటికి నాలుగేండ్ల పిల్ల, తండ్రి భుజం మీద వచ్చింది. ఆ నడకలో తల్లి దక్కలేదు. బర్మాలో మన తెలుగువారిని, స్వంత వూరు ఏదైనా సరే, 'కోరంగీలు' అనేవారు. పూర్వం మనవాళ్ళు ఓడ యెక్కిన రేవు పేరే జాతి పేరయిపోయింది. ఆ మాటను మర్యాదగా అనేవారు కాదట.

"ఆ వూరి పేరు పెట్టి మమ్మల్ని తిట్టారు. బస్సులో వందసార్లు ఆ వూరు దాటాను గాని దిగి చూచింది లేదు. రేవు ఎక్కడుందో చూపించండిరా" అన్నది. కాదనలేకపోయాము.

రోడ్డుకు దగ్గరలోనే అడవి మొదలవుతుంది. టిక్కెట్లు కొని లోపలికి వెళితే, బురద మీద కట్టిన చెక్కబాట మడచెట్ల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. నాయనమ్మను చేయి పట్టి నడిపించాము. ఎండ వేళ అయినా లోపల చల్లగా, పచ్చిగా, ఉప్పువాసనగా వున్నది. నేలలోనుంచి పెన్సిళ్ళు గుచ్చినట్లు వేలకొద్దీ వేళ్ళు పైకి పొడుచుకు వచ్చివున్నవి. పోటు నీరు రోజుకు రెండుసార్లు ముంచిపోయే బురదలో గాలి ఆడదు గనుక, మడచెట్టు వేళ్ళనే పైకి పంపి వూపిరి తీసుకుంటుంది. కొన్ని జాతుల గింజలు తల్లిచెట్టు మీద వుండగానే మొలకెత్తి, సిద్ధంగా బురదలోకి దిగుతవి. తిల్లచెట్టును తాకవద్దని పిల్లలను హెచ్చరించాము. దాని పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదం. ఎర్రటి పీతలు, బురదమీద గెంతే చిన్న చేపలు చూచి పిల్లలు కదలమన్నారు. బావురుపిల్లి కూడ యీ అడవిలో వున్నది. చేపలు పట్టి తినే యీ పిల్లి రాత్రి తిరిగేది గనుక మాకు కనబడలేదు. నీటికుక్కలూ కనబడలేదు. కొంగలకు మాత్రం కొదువ లేదు.

"యిదంతా బాగానే వుంది. ఓడలేవీ?" అన్నది నాయనమ్మ.

ఓడలు యెక్కడినుంచి తెస్తాము? యానాం దగ్గర గౌతమి నుంచి చీలిన పాయ మీద యీ రేవు ఒకప్పుడు తూర్పుతీరంలో పేరుపొందినది. యిక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలకు మరమ్మతులు చేసేవారు. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి వూరిని ముంచినవి. తరువాతి కాలంలో తుఫానులను గురించి గ్రంథం వ్రాసిన హెన్రీ పిడింగ్టన్ యీ కోరంగి కెరటాలను ప్రత్యేకంగా వర్ణించాడు. యింగ్లీషులో 'సైక్లోన్' అనే మాటను పుట్టించినవాడు ఆయనే. వూరు మళ్ళీ లేచింది గాని, 1839 నవంబరులో వచ్చిన రెండవ దెబ్బతో యిక కోలుకోలేదు. గోదావరి తెచ్చే వండ్రు రేవును పూడ్చుతూనే వున్నది. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. మా ముత్తాత కాలానికి కోరంగినుంచి ఓడ యెక్కే మాటే లేదు. అయినా బర్మాలో పేరు మాత్రం మారలేదు.

పడవ కట్టించుకొని పాయలోకి వెళ్ళాము. మడల మధ్య బ్రిటిషువారి నాటి పాత దీపస్తంభం కనబడింది. ఒకప్పుడు ఓడలకు దారి చూపిన స్తంభం చుట్టూ యిప్పుడు చెట్లు. నాయనమ్మ దానివంక చాలాసేపు చూచింది. ఏమీ అనలేదు.

అక్కడనే మా తెలివితక్కువ బయటపడింది. అమావాస్య పోటు ఎంత పెద్దదో పాటు కూడ అంత పెద్దదని, నదీతీరాన పుట్టి పెరిగిన మాకు తెలిసివుండాలి. తిరుగుదారిలో పడవ బురదలో కూర్చున్నది. గంటన్నర కదలలేదు. ఆడవాళ్ళు కంగారు పడ్డారు, మిగిలిన పులిహోర అయిపోయింది.

"కంగారు పడకండి మామ్మగారూ, నీళ్ళు అవే వస్తాయండి" అని పడవ అతను తీరికగా కబుర్లు మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న కాలంలో పొయ్యిలోకి, యింటి కప్పుకు, వలకర్రలకు అంతా యీ అడవినుంచే కొట్టుకు వచ్చేవారట. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన తరువాత గొడ్డలి పట్టుకు వెళితే తప్పయింది. "అడవి మాది కాకుండా పోయిందని తిట్టుకునేవారండి" అన్నాడు. మరి యిప్పుడో? "96 తుఫానప్పుడు మడ దట్టంగా వున్నవైపు కెరటం కాస్త నెమ్మదించిందండి. అప్పటినుంచి తిట్టడం తగ్గించారు."

1996 నవంబరు 6 రాత్రి మాకూ జ్ఞాపకమే. యానాంలో రేకులు కాగితాల్లా ఎగిరినవి. ఆ తరువాతి యేండ్లలో స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీశాఖవారు గ్రామస్థులను కలుపుకొని, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నీరు అందక ఎండిన పర్రలకు పోటునీరు పారించి మడను మళ్ళీ పెంచారు. కట్టెల మీద బతికిన యిండ్లకు వేరే దారి చూపకుండా కంచె ఒక్కటే వేసివుంటే, యీ అడవి నిలిచేదని మేము అనుకోము.

యీ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లకు పైచిలుకు. సముద్రం వైపున హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి కాకినాడ రేవుకు అడ్డుకట్టలాగ వున్నది. దాన్ని కూడ గోదావరి ఇసుకే రెండువందల యేండ్లలో పోసింది. శీతకాలం చివర అక్కడికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తవి. ఆలోచిస్తే, రేవును చంపిన బురదే అడవిని పెంచింది, అడవి ఇప్పుడు వూళ్ళను కాస్తున్నది.

మరి ఆ రేవు మాటేమిటి? గుమాస్తా బుద్ధి గనుక మాకు రెండు ఫైళ్ళు కనబడినవి. అడవికీ జంతువులకూ 1972 చట్టం, పాత కట్టడాలకు 1958 చట్టం. చెన్నపట్నానికి ఉత్తరాన పులికాట్‌లో డచ్చివారి సమాధులు పురావస్తుశాఖ రక్షణలో వున్నవి, ఆ సరస్సేమో పక్షుల అభయారణ్యం. అక్కడా రెండు ఫైళ్ళే, అయినా రెండూ తెరిచివున్నవి. కోరంగిలో మడచెట్టును కొడితే శిక్ష వున్నది. మడచెట్టు వేరు పాత గోడను పగలగొడితే ఏ ఫైలులో వ్రాయాలి? దీపస్తంభమూ, పాత రేవు గుర్తులూ, సప్తసాగర స్నానఘట్టాలూ, తాబేళ్ళ దీవీ ఒకే తీరం మీద వున్నవి గనుక, ఒకే పటంలో చేర్చి కాపాడితే బాగుంటుందని పడవలోనే వాదన జరిగింది. "ముందు పడవ కదలనీయండి" అన్నది నాయనమ్మ.

నీరు వచ్చింది. పడవ దానంతట అదే లేచింది. గట్టెక్కేసరికి చీకటిపడి ఆఖరి బస్సు దొరకడమే కష్టమయింది.

మరుసటి వారం అర్జీ వ్రాసి రెండు ప్రతులు తీశాము, ఒకటి అడవి చూచేవారికి, ఒకటి పాతకట్టడాలు చూచేవారికి. నాయనమ్మ వణికే చేతితో రెండింటిమీదా సంతకం పెట్టింది. పుట్టినవూరు అడగకపోయినా రంగూను అని వ్రాసింది. జవాబు యింకా రాలేదు. వచ్చే చొల్లంగి అమావాస్యకు మళ్ళీ వెళ్ళాలని అనుకున్నాము. యీసారి పాటు వేళ కనుక్కొని మరీ బయలుదేరుతాము.